మూత పెట్టని కోడికూర

పుంజు కాళ్ళు ఎడమచేత్తో, మెడ కుడిచేత్తో పట్టుకుని వెంకటరావమ్మ దాన్ని పత్తికట్టె మంట మీద తిప్పుతోంది. ఈకలు పీకాక మిగిలిన నూగు చిటపటమని కాలిపోయి తోలు బిగుసుకుంటోంది. ఒకేచోట ఉంచితే తోలు పేలుతుంది. తొందరపడి తిప్పితే నూగు మిగిలి, తినేటప్పుడు నాలుకకి తగులుతుంది. పత్తి తీసేశాక చేలో మిగిలే ఈ కట్టె గబుక్కున అంటుకుంటుంది, సన్నగా మండుతుంది, అంతే త్వరగా చల్లారుతుంది. గ్యాసు మంట మీద కాల్చిన కోడిని ఆమె ముట్టుకోదు.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో శ్రీకృష్ణ కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. పుంజుని తెచ్చింది అతనే. దాంతోపాటు అట్టపెట్టెలో బీరు సీసాలు తెచ్చి పొయ్యి పక్కన దభీమని పెట్టాడు.

"నీకు ఇష్టమున్నా లేకపోయినా కూరలో ఇవి పడాలి" అన్నాడు తల ఎత్తకుండా.

"సీసాలు పొయ్యికి దూరంగా పెట్టండి. పేలితే మీ మొహానికే" అంది ఆమె తల తిప్పకుండా.

ఆదివారం పొద్దు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఈ పుంజు కూరై, పక్కనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఒంగోలు నుంచి వచ్చే అతిథుల ముందుకు వెళ్ళాలి. బాగుంటే వెంకటరావమ్మ పొయ్యి ఉన్నచోటే ఉంటుంది. చెడితే మర్నాడు జేసీబీ వచ్చి ఆమె రేకుల షెడ్డుని లేపేస్తుంది. ఆ మాట అన్నది శ్రీకృష్ణ మేనమామ యలమందయ్య. కోల్డ్ స్టోరేజీ ఆయనది, షెడ్డున్న జాగా కూడా ఆయనదే. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాడు.

వెంకటరావమ్మది హోటలు కాదు. పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు పక్కన నాలుగు రేకులు, రెండు పొయ్యిలు, ఒక రోలు. గోడ మీద 'కోడి మీది, వంట మాది' అని రంగుతో రాసి ఉంటుంది. ఇంట్లో కోడి ఉన్నవాళ్ళు తెచ్చుకుంటారు, లేనివాళ్ళు పక్కనే జానీబీ కొట్లో కొనుక్కుంటారు. జానీబీ మొగుడు బుడే కోస్తాడు, జానీబీ ముక్కలు కొడుతుంది, వెంకటరావమ్మ వండుతుంది. కూర తీసుకెళ్ళడానికి ఎవరి గిన్నె వాళ్ళే తెచ్చుకోవాలి. ఆమె గిన్నె బయటికి పోదు. పొయ్యి మీదున్న ఆమె గిన్నెలో పరాయి చెయ్యి పడకూడదు.

ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. మిరపకాయ కోతలకి వచ్చే కూలీల ముఠాకి చేలో వండిపెట్టడంతో మొదలైంది. మూడు రాళ్ళ పొయ్యి, గాలివాటం, తడిసిన కట్టెలు. మాడ్చింది, ఉడక్కుండా దింపింది, తిట్లు తింది. తిట్టినవాళ్ళలో ఒక్కడికీ వంట రాదు. ఎక్కడ తప్పిందో గిన్నె అడుగే చెప్పేది. అడుగు గీరుతూ, మాడు చూసుకుంటూ నేర్చుకుంది. అందుకే కూర గురించి మాట్లాడేవాళ్ళంటే ఆమెకి మొదట్నుంచీ ఒళ్ళుమంట. మా వైపు అలాంటివాళ్ళకి కొదవ లేదు. జన్మలో గరిటె పట్టుకోనివాడు కూడా నాటుకోడి ఎలా వండాలో రచ్చబండ మీద పూటంతా చెప్పగలడు.

శ్రీకృష్ణ ఆ జాతిలో మేటి. చలి తగ్గిన రోజుల్లో ఒకసారి ఇంటికి చుట్టాలొస్తున్నారని ఇలాగే ఒక ముదురు పుంజు తెచ్చాడు. బీరు పోసి కోడి వండడం ఫోనులో ఎక్కడో చూశాడట. ఆమె పుంజుని ఎప్పటిలాగే పులుసు పెట్టడానికి వేయించి, చింతపండు రసం పోసి, మంచినీళ్ళ బిందె కోసం జానీబీ కొట్టు వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గిన్నెలోంచి నురగ పొంగి పొయ్యిలో పడి బుస్సుమంటోంది. శ్రీకృష్ణ చేతిలో ఖాళీ సీసా, కాళ్ళ దగ్గర ఇంకొన్ని ఖాళీ సీసాలు.

"ఏం పోశారు నా గిన్నెలో?"

"బీరు. ముక్క వెన్నలా అయిద్ది. నువ్వు మూత పెట్టి నీ పని చూసుకో."

"నా గిన్నెలో చెయ్యి పెట్టడానికి మీరెవరు?"

"కోడి నాది, సీసా నాది. నీదేముంది, పొయ్యేగా?"

కోపంతో ఆమె ఖాళీ సీసాలు కాలితో తన్నింది. చేతులు మాత్రం అలవాటు ప్రకారం నడిచాయి. ముదురు కోడికి ఇక్కడ ఎవరైనా చేసేది ఒకటే. గుంటగా ఉన్న ఇత్తడి మూత పెట్టి, ఆ మూతలో చల్లనీళ్ళు పోస్తారు. లోపల లేచిన ఆవిరి చల్లటి మూతకి తగిలి, చుక్కలై తిరిగి కూరలోనే పడుతుంది. వేరే నీళ్ళు పోయకుండానే ఎంత ముదురు ముక్కయినా మెత్తబడుతుంది. వాసన కూడా బయటికి పోదు. ఆ రోజూ ఆమె అలాగే మూత పెట్టి, నీళ్ళు పోసి, సన్నసెగ మీద ఉంచింది. సీసా పడ్డ కూరని నోట పెట్టుకోలేక, రుచి చూడకుండానే పంపేసింది.

ఆ కూర యలమందయ్య చుట్టాల పక్కన కూర్చుని నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నది పళ్ళెంలోనే ఉమ్మాడు.

"వేపాకు చేదు. పైగా సారా కంపు. ఎవరు వండారిది?"

"వెంకటరావమ్మ, మామయ్యా. బీరేసి వండమని ఇచ్చాను. ఆమెకి చేతకాలేదు" అన్నాడు శ్రీకృష్ణ.

కుమ్మరించింది తనేనన్న మాట మింగేశాడు. నాలుగు రోజుల్లో పర్చూరు రోడ్డు మీద ఆమె పేరు 'చేదు కూర' అయిపోయింది. కోడి తెచ్చేవాళ్ళు షెడ్డు దాటి ముందుకెళ్ళి ఎక్కడో వండించుకోసాగారు. బండి మీద వెళ్తూ కుర్రాళ్ళు "అత్తా, ఫుల్లా హాఫా?" అని అరిచిపోయేవాళ్ళు. అదే అదను చూసి, ఆ జాగాలో తన స్నేహితుడు బీరు షాపుకి పర్మిట్ రూము, అంటే కూర్చుని తాగే గది, పెడతాడని శ్రీకృష్ణ మేనమామ చెవిలో వేశాడు. ఖాళీ చెయ్యమని కబురొచ్చింది.

వెంకటరావమ్మ పొయ్యి ఆర్పింది. చీర చెంగు దోపుకుని తిన్నగా కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. అరుగు మీద ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి యలమందయ్య మూతికి తువ్వాలు కట్టుకుని నిలబడి ఉన్నాడు. శ్రీకృష్ణ పక్కనే ఉన్నాడు.

"అయ్యా, నా గిన్నెలో బీరు పోసింది మీ మేనల్లుడు. నేను నీళ్ళకి వెళ్ళినప్పుడు పోశాడు."

"అబద్ధం మామయ్యా! వండడం రాక నా మీద పెడతంది."

"నాకు వండడం రాదా? ఇన్నేళ్ళూ నా చేతి కూర నాక్కుంటూ తిన్నది ఎవరో?"

"ఏయ్, నోరు అదుపులో పెట్టుకో."

తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. యలమందయ్య తువ్వాలు కిందికి లాగి ఇద్దరినీ ఒకేలా చూశాడు. ఆ చూపులో ఎవరి మీదా ప్రేమ లేదు.

"ఆదివారం ఒంగోలు నుంచి మనుషులొస్తున్నారు. బీరు కోడికూర పెడతానని వీడు అప్పుడే వాళ్ళకి ఫోనులో కోతలు కోసి చచ్చాడు. అదే కూర వండు. ముందు నేనొచ్చి రుచి చూస్తా. బాగుంటే వాళ్ళ ముందుకెళ్ళిద్ది. లేదంటే కాలవలోకి పోద్ది, దాని వెనకే నీ పొయ్యి."

"బీరు లేకుండా వండిపెడతాను అయ్యా. వంక పెట్టేవాడు ఉండడు."

"అది నీకొచ్చని నాకు తెలుసు. ఆ రోజు నేను ఉమ్మింది ఎవడి పాపమో నాకు తేలాలి."

తిరిగొచ్చాక వెంకటరావమ్మ జానీబీ కొట్టు ముందు నిలబడింది. "ఒక ముదురు పెట్టని ఇవ్వవే" అంది.

"ఎందుకక్కా?"

"బీరు పోసి వండి చూడాలి."

జానీబీ కత్తి మొద్దు మీద దిగేసింది. "ఆ సీసా నా మొద్దు దగ్గరికి తెచ్చావంటే కోడితోపాటు నిన్నూ ముక్కలు కొడతా. మా ఆయన నమాజుకి వెళ్ళొచ్చే మనిషి."

"నీ మొద్దు ఎవడిక్కావాలి? ముక్కలు కొట్టి ఇటు పడెయ్. సీసా నా గడప దాటదు."

"ఏంటో, మొగుడు పోయాక సీసా నువ్వు పట్టావు" అంది జానీబీ. అన్నాక నాలుక కరుచుకుంది.

వెంకటరావమ్మ ఆమె వైపు ఒక్క చూపు చూసి, ముక్కలు తీసుకుని వెళ్ళిపోయింది. జానీబీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మనసులో పెట్టుకుంటే పక్కపక్కన బతకలేరు.

సీసా కోసం ఆమే షాపుకి వెళ్ళింది. ఇంతకుముందు ఆ వరసలో ఆమె నిలబడింది మొగుణ్ణి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కురావడానికి. అతను తాగి తాగి లివరు పాడై పోయాడు. ఇప్పుడు ఊచల సందులోంచి డబ్బులు చాపుతుంటే వెనక మగవాళ్ళు కిసుక్కుమన్నారు. "ఏ బీరు?" అని కౌంటరువాడు అడిగాడు. "ఎన్ని రకాలుంటాయో అన్నీ ఒక్కోటి" అంది. వెనక నవ్వు పెద్దదైంది. వీళ్ళందరి మొహాలూ ఆమెకి తెలుసు. వీళ్ళ ఇళ్ళకి వెళ్ళిన కూరలూ తెలుసు. ఒక్కొక్కడినీ కళ్ళలోకి చూస్తూ బయటికొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

షెడ్డులో సీసాలన్నీ విప్పి, ఒక్కోదాన్నీ వేలు ముంచి నాలుక మీద రాసుకుని, ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. స్ట్రాంగ్ అని రాసున్నది గొంతుదాకా చేదు. లైటుది కాస్త నయం. స్ట్రాంగుని చిన్న గిన్నెలో పోసి మరగబెట్టింది. నీళ్ళు ఇగిరేకొద్దీ చేదు చిక్కబడింది. అందులో చింతపండు రసం కలిపి చూసింది. పులుపుతో కలిసి ఆ చేదు ఇంకా మొరటుగా నోరంతా పట్టేసింది. ఆ రోజు ఖాళీ సీసాల మీద ఉన్నదీ ఇదే పేరు. శ్రీకృష్ణ కుమ్మరించింది స్ట్రాంగే, అదీ చింతపండు రసంలోనే. 'నీ అమ్మ కడుపు మాడ' అనుకుంది.

పెట్ట ముక్కలకి లైటుది పోసింది. చింతపండు మానేసింది. పాళ్ళు తగ్గించింది. ఇత్తడి మూత పెట్టి, నీళ్ళు పోసి, సన్నసెగ మీద పెట్టింది. ఉడికాక రుచి చూస్తే చేదు దాదాపు పోయింది. కంపు మాత్రం పోలేదు. నోట్లో పెట్టుకోగానే ముక్కులోకి కొడుతోంది.

వెంకటరావమ్మ పీట మీద కూలబడింది. శ్రీకృష్ణని తిట్టింది, అతని మేనమామని తిట్టింది, సీసా కనిపెట్టినవాణ్ణి తిట్టింది. తిట్లు అయిపోయాక, చల్లారిన మూతని పక్కన పెడదామని ఎత్తి వంచింది. మూత అడుగున పట్టిన చుక్కలు జారి మణికట్టు మీద పడ్డాయి. ఎందుకో వాసన చూసింది.

అది కూర వాసన కాదు. మసాలా లేదు, మిరప లేదు. తెల్లారి లేవగానే మొగుడి నోట్లోంచి వచ్చే గాలి వాసన.

ఆమె మూతని మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఆవిరైపోవలసిన కంపు మూతకి తగిలి చల్లబడి, తిరిగి కూరలోనే పడుతోంది. బయటికి పొమ్మని తెరవాల్సిన దారిని తనే నీళ్ళు పోసి మరీ మూసింది. ఆ రోజు చేదు శ్రీకృష్ణది. కంపు తనది. ముదురు కోడికి మూత పెట్టకుండా వండినవాళ్ళని ఆమె పుట్టాక చూడలేదు. అందుకే అనుమానం అటు పోలేదు.

మర్నాడు ఇంకో పెట్టతోపాటు మళ్ళీ రెండు లైటు సీసాలు తెచ్చింది. జానీబీ ఈసారి తనే ముదురుది ఏరి ముక్కలు కొట్టిచ్చింది. మూత పెట్టకుండా, పెద్దమంట మీద బీరు మరగనిచ్చి, కంపు పోయిందాకా గిన్నె దగ్గరే నిలబడింది. తర్వాత పక్క పొయ్యి మీద కాగుతున్న వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ ఉడికించింది. ముక్క ఉడకడానికి బాగా ఆలస్యమైంది. ఉడికాక జానీబీని పిలవలేదు, ఆమె తినదు కాబట్టి. తనే తింది. ఎముక దాకా తింది.

ఆదివారం నాటికి ఆమెకి తెలియంది ఒకటే మిగిలింది. పెట్ట ఉడికింది సరే, శ్రీకృష్ణ తెచ్చే పుంజు ఎంత ముదురో.

చూడగానే అర్థమైంది. కాలి వెనక కత్తిలాంటి గోరు వంకీ తిరిగిపోయి ఉంది. కావాలనే ఊరంతా వెతికి తెచ్చినట్టున్నాడు.

కాల్చిన పుంజుకి పసుపు పట్టించి కడిగి, జానీబీకి ఇచ్చింది. మొద్దు మీద కత్తి దిగుతుంటే రాయి మీద కొట్టినట్టు మోగింది.

"ఇది కోడా, దున్నపోతా?" అంది జానీబీ.

"వండేది చేతనైందైతే ఏదైనా ఉడికిద్ది" అన్నాడు శ్రీకృష్ణ.

"మాట్లాడ్డం చేతనైతే చాలు, మీకు అన్నీ ఉడుకుతాయి" అంది జానీబీ.

వెంకటరావమ్మ అట్టపెట్టె విప్పి చూసింది. అన్నీ స్ట్రాంగే.

"లైటు తెమ్మని కబురు పెట్టానే."

"లైటు మగాళ్ళు తాగేది కాదు."

"పుంజు చచ్చింది. ఇప్పుడు దానికి మగతనంతో పనేంటి?"

జానీబీ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకటరావమ్మ పెట్టెని కాలితో అతని కుర్చీ వైపు నెట్టి, మూల నుంచి తను కొన్న లైటు సీసా తెచ్చింది. దాన్ని వెడల్పాటి బేసినులో పోసి, నురగ చచ్చేదాకా వదిలేసింది.

"నా బీరు పడకపోతే అది నా కూర ఎట్టయిద్ది?"

"మీ కూర ఎప్పుడైంది?"

గిన్నె పొయ్యెక్కింది. నూనె కాగాక సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి, ఎర్రబడేదాకా కలుపుతూనే ఉంది. ఉల్లిపాయ తీపే తర్వాత చేదుని కొట్టాలి. కాస్త పచ్చిగా ఉన్నా లాభం లేదు. అల్లం వెల్లుల్లి వేసి, ముక్కలు వేసి, తోలులోని కొవ్వు కరిగి పైకి తేలేదాకా వేయించింది. అప్పుడు నురగ చచ్చిన బీరుని గిన్నె అంచు వెంట పోసింది. పొయ్యి నిండా పత్తికట్టె ఎగదోసింది. మంట గిన్నె చెవుల దాకా లేచింది. తెల్లటి ఆవిరి రేకుల సందుల్లోంచి బయటికి పోసాగింది. షెడ్డంతా సారా దుకాణంలా కంపు కొట్టింది. ఆమె పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. కంపు ఎప్పుడు పోతుందో ముక్కుతోనే తెలియాలి.

"మూత పెట్టు" అన్నాడు శ్రీకృష్ణ.

ఆమె ఇంకో కట్టె ఎగదోసింది.

"వినపడతందా? ముదురు పుంజు. మూత పెట్టి నీళ్ళు పోయకపోతే సాయంత్రానికీ ఉడకదు. మా అమ్మమ్మ నుంచీ అంతే."

"మీ అమ్మమ్మ బీరు పోసిందా?"

కంపు పలచబడి, సన్నటి తీపి వాసన మిగిలాక మంట తగ్గించి, కాగిన నీళ్ళు గరిటెడు పోసింది. సన్నరకం మిరపకాయ కారం, ఉప్పు వేసింది. తర్వాత రోటి దగ్గర కూర్చుని వేయించిన ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, వేటపాలెం నుంచి తెచ్చిన జీడిపప్పు నూక నూరడం మొదలుపెట్టింది. నూరుతూ మధ్యలో లేచి, ముక్క నొక్కి చూసి, ఇంకో గరిటెడు నీళ్ళు పోసి, మళ్ళీ కూర్చుంది. ముక్క రబ్బరులా ఎగిరిపడుతోంది. ఇంకోసారి చూసింది. అలాగే ఉంది.

ఎండ నడినెత్తికొచ్చింది. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కారు హారను మోగింది. శ్రీకృష్ణ లేచి చూసి, గాభరా పడ్డాడు. "వాళ్ళొచ్చేశారు! ఉండు, కుక్కరు తెస్తా" అని తన కారు దగ్గరికి పరుగెత్తాడు. కుక్కరు ముందే డిక్కీలో పెట్టుకున్నాడన్నమాట.

"దీన్లో వేసెయ్. పావుగంటలో పిండైపోద్ది."

"కుక్కరుకీ మూతే. ముక్కలో మిగిలిన కంపు పోవడానికి ఆ విజిలు దారి చాలదు."

"నీకు కావాలనే, నా పరువు తియ్యాలనే చేస్తున్నావు కదే!"

"మీ పరువు నా గిన్నెలో లేదు. నా పొయ్యి ఉంది."

ఆమె రోటి వైపు తిరిగి ముద్దని చేత్తో తీస్తుంటే, వెనక ఇత్తడి మోగింది. శ్రీకృష్ణ గోడకున్న మూత అందుకుని గిన్నె మీద పెట్టబోతున్నాడు. వెంకటరావమ్మ ఒక్క అంగలో పొయ్యి దగ్గరికి వచ్చి, గిన్నెలోని గరిటె పైకి లాగి మూతకీ గిన్నెకీ మధ్య అడ్డం పెట్టింది. మరుగుతున్న రసం అతని మణికట్టు మీద చింది కారింది.

"అమ్మా! కాల్చిందే నన్ను!"

"ఇంకోసారి చెయ్యి పెడితే గిన్నే పోస్తా."

"ఏం జరుగుతోందిరా?"

యలమందయ్య షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. మేనల్లుడి చేతిలో మూత, ఆమె చేతిలో గరిటె చూశాడు.

"మామయ్యా, మూత పెట్టమంటే పెట్టదు. ముక్క ఉడకలేదు. వాళ్ళకి ఏం పెడతాం?"

"నువ్వు బయట కూర్చో" అన్నాడు యలమందయ్య. "ఎంతసేపమ్మా?"

"ఉడికేంతసేపు."

"వాళ్ళు ఆకలితో ఉన్నారు."

"ఆకలేస్తే చెడ్డ కూరైనా తింటారు. మీరు ఉమ్ముతారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె ఆయన్ని పట్టించుకోలేదు. నీళ్ళు పోసింది, కలిపింది, కట్టె వెనక్కి లాగింది, ముందుకి తోసింది. ఒకసారి ముక్క నొక్కితే ఎముక దగ్గర తోలు విడింది. అప్పుడు నూరిన ముద్ద వేసి, కుంకుడుకాయంత బెల్లం వేసి, అడుగంటకుండా కలిపింది. నూనె అంచుల దగ్గర ఎర్రగా తేలింది. కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది.

ముక్కా రసమూ ఒక పళ్ళెంలో వేసి యలమందయ్య ముందు పెట్టింది. ఆయన ముందు వాసన చూశాడు. తర్వాత రసంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. శ్రీకృష్ణ మణికట్టు ఊదుకుంటూ ఆయన మొహమే చూస్తున్నాడు. జానీబీ కత్తి తుడుస్తూ చూస్తోంది. ఆయన ముక్క కొరికాడు. బలంగా లాగాడు, కానీ లాగాల్సినంత పని లేకపోయింది. ఎముక ఒట్టిగా చేతికొచ్చింది.

"చేదు లేదు" అన్నాడు. ఇంకో ముక్క తనే వేసుకుని తిన్నాడు. "కంపూ లేదు. మరి ఆ రోజు ఎందుకు చెడింది?"

అంతా శ్రీకృష్ణ నెత్తిన వేసే అవకాశం అది. మూత సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. వెంకటరావమ్మ చేతులు తుడుచుకుంది.

"చేదు మీ మేనల్లుడిది. స్ట్రాంగు సీసాలన్నీ చింతపండు రసంలో కుమ్మరించాడు. కంపు నాది. మూత పెట్టి దాన్ని పోనియ్యలేదు."

"విన్నావా మామయ్యా! తనే ఒప్పుకుంది!"

"తనది తను ఒప్పుకుంది. నీది?"

శ్రీకృష్ణ కుక్కరుని కాలితో కుర్చీ కిందికి తోశాడు.

"సీసాలు పోసింది ఎవర్రా?"

"బాగా వస్తదనే పోశాను మామయ్యా."

"పోసి, చెప్పకుండా నన్ను చుట్టాల ముందు ఉమ్మించావు. జేసీబీవాడికి ఫోను చేసి రావద్దని చెప్పు. నీ పర్మిట్ రూము వేరే ఎక్కడన్నా చూసుకో." ఆయన లేచి పళ్ళెం ఆమె చేతికిచ్చాడు. మొహంలో మెత్తదనం ఏమీ లేదు. "నువ్వూ విను. ఇంకోసారి నా ఇంటికి చెడ్డ కూర వస్తే ఈసారి ఎవడి తప్పని అడగను."

"ఇంకోసారి నా గిన్నెలో మీవాళ్ళ చెయ్యి పడితే నేనూ అడగను."

ఆయన తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని కోల్డ్ స్టోరేజీ వైపు నడిచాడు.

శ్రీకృష్ణ ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గిన్నె బల్ల మీద పెట్టాడు. వెంకటరావమ్మ దాన్ని నీళ్ళతో తొలిచి, గుడ్డతో తుడిచింది. అప్పుడు కూర వడ్డించడం మొదలుపెట్టింది. ముందు ముక్కలు, తర్వాత రసం, చివర తేలిన నూనె గరిటెతో తీసి పైన. తన గిన్నెలో అడుగున కాసింత కూడా ఉంచుకోలేదు. అంచుకి పడిన చుక్కని వేలితో తుడిచేసింది.

"వేడిగా ఉంది. కింద గుడ్డ పెట్టి పట్టుకోండి."

అతను జేబురుమాలు మడిచి గిన్నె కింద పెట్టుకున్నాడు. కాలిన చెయ్యి మంటకి మొహం చిట్లించాడు. ఆమె గిన్నె బరువంతా అతని చేతుల్లోకి దిగిందాకా ఆగి, తన చేతులు వదిలేసింది.